మొదటి మాటకే ఒప్పుకునే మనిషి

బేరమాడకుండా నేను కొన్నవి ఈ జన్మలో రెండే, రైలు టికెట్టు, పోస్టు కార్డు. పోస్టు కార్డు దగ్గర కూడా ఒకసారి నోరు తెరిచి, కిటికీ వెనక మనిషి ముఖం చూసి మూసుకున్నాను. ఈ పేరు నలుగురిలో పాకడం వల్లనే మొన్న పక్కింటి అమ్మాయి నన్ను ఏ.ఎస్. రావు నగర్‌లోని ఒక బడికి తోడు తీసుకుపోయింది. వాళ్ల చంటివాడికి సీటు కావాలి. లోపల కూర్చున్న కుర్ర మేడమ్ "బాబుకి అంకెలు ఎంతవరకు వచ్చు" అని అడిగింది. తల్లి "వందవరకు" అంది. పిల్లవాడు తల్లి వైపు ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. మేడమ్ చిన్నగా నవ్వి, సగానికి సగం కోసి రాసుకుంది. ఈమె పెంచి చెప్పిందని ఆమెకు తెలుసు, ఆమె తగ్గించి రాసుకుంటుందని ఈమెకు తెలుసు. ఇద్దరికీ మనసులో ఏ బాధా లేదు. మా బజారు ఇంత దూరం వచ్చిందా అనుకున్నాను.

పెంచి చెప్పినదాన్ని ఒక్క వీసం కూడా తగ్గించకుండా రాసుకున్న మనిషి అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ ఆఖరి రోజుల్లో బందరు వెళ్లిపోయిందని, అక్కడే పోయిందని ఎవరో చెప్పగా ఎప్పుడో ఆలస్యంగా విన్నాను.

మేమంతా పెద్ద టీచరమ్మ అనేవాళ్లం. స్టేషను అవతల, లాలాగూడకు పోయే దారిలో ఉన్న ఆడపిల్లల మిషన్ హైస్కూలుకు ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. సన్నని మనిషి. సన్నంచు తెల్లచీర, భుజం మీద పిన్నుతో బిగించిన పైట, చంకలో నల్ల గొడుగు. ఆ గొడుగు విప్పగా నేను చూడలేదు. వాన పడితే తడవకుండా దాన్ని పైట కిందికి తీసుకునేది. దానితో ఆవిడ చేసే పని ఒకటే. మీరేదైనా చెప్తే తల కొంచెం వంచి చివరిదాకా వినేది. విన్నాక గొడుగు కొస నేలకు ఆనించి, "సరే" అనేది. అంతే. ఇక ఆ మాట అయిపోయినట్టే.

మోండా మార్కెట్టులో ఆవిడ కూరగాయలు కొంటుంటే చూడడానికి పనిగట్టుకుని వెళ్లేవాళ్లం. అమ్మే మనిషి ఎంత చెప్తే అంతకు "సరే" అని సంచీ తెరిచేది. కొత్తగా వచ్చి కూర్చున్న ఒకావిడ ఒకసారి వంకాయలకు పట్టుచీర ధర చెప్పింది. టీచరమ్మ సంచీ తెరిచింది. పక్కనున్న ముసలామె కొత్తావిడ మోచేతి మీద చరిచి, "ఓ పిల్లా, గామెకు గట్ల జెప్పకు. ఎంత జెప్తె గంత ఇస్తది. పాపం తగుల్తది" అంది. అలా అలా ఆ వరసలో అందరూ ఆవిడకు అసలు ధర చెప్పడం నేర్చుకున్నారు. కొందరు భయం కొద్దీ ఇంకొంచెం తక్కువే చెప్పేవాళ్లు. ఆ తర్వాత నా జీవితమంతా మోండాలో గొంతు చించుకుని బేరమాడాను. ఆవిడ కొన్న ధరకు ఒక్కనాడు వంకాయ కొనలేకపోయాను.

మాది జనరల్ బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం. పోలీసు యాక్షన్ జరిగిన ఆ కొన్ని రోజులు తలుపులు బిడాయించుకుని లోపల కూర్చున్నాం. తలుపులు తీసేసరికి గిన్నెలు గిన్నెల్లాగే ఉన్నాయి, మారింది బడుల సంగతి. అప్పటిదాకా నేను సర్కారు బడిలో ఉర్దూలో చదివాను. ఆరు పాసయ్యాను కూడా. "ఉర్దూ సదువు హాలీ సిక్కా లెక్క బిడ్డా. ఇగ ఎన్నాళ్లు నడుస్తదో ఎవరికెరుక. కల్దారు కావాలె" అన్నాడు మా నాయన. హాలీ నిజాం నాణెం, కల్దారు ఇంగ్లీషువాళ్లది. మా గల్లాపెట్టెలో రెండింటికీ వేరువేరు గదులుండేవి. నా బుర్రలో ఉన్నది ఒక్కటే గది.

బజారంతా ఇదే ఆలోచనలో ఉంది. నల్లగొండ వైపు గొడవలకు జడిసి చుట్టాల ఇళ్లకు వచ్చినవాళ్లు కూడా ఇక్కడే ఉండిపోయి, పిల్లలకు బడులు వెతుకుతున్నారు. సాయంత్రం దుకాణాల ముందు బడుల ధరలు పలికేవి. తిరుమలగిరి పట్టాలం బడిలో డ్రిల్లు బాగా చేయిస్తరంట, కానీ లెక్కలు పలచన. ఫలానా బడిలో ఇంగ్లీషు మోత ఎక్కువ, సరుకు తక్కువ. మా పక్క బట్టల దుకాణం సేటు వీటన్నిటికీ పెద్ద. బట్టను వేళ్ల మధ్య నలిపి చూసినట్టే బడి పేరును నోట్లో నలిపి, "పిల్లల బాపులను గేటు కాడ ఎంత తిప్పుకుంటె గంత మంచి బడి" అని తేల్చేవాడు. అరవై ఏళ్లు దగ్గరపడుతున్నాయి నాకు. బడిని తూచే రాయి ఇంకా అదే.

ఆ తర్వాతి జూన్‌లో నాయన నన్ను మిషన్ స్కూలుకు తీసుకుపోయాడు. నాయనమ్మకు ఇది ఇష్టం లేదు. "ఇయ్యాల రేపు పెద్దపిల్ల అయితది. దుకాణం ఎనక కూసోని చింతపండుతోని గిన్నెలు తోముకుంటది గద" అంది. "ఒక్క సాలు జూస్త. పోరి నిలబడితె సదివిస్త, లేకుంటె ఇంట్లనే" అన్నాడు నాయన. నా చదువుకు ఉన్న ఆయుష్షు ఆ ఒక్క ఏడాదే.

వరండా నిండా జనం. టీచరమ్మ కుర్చీ వేయించుకోకుండా నిలబడే అందరితో మాట్లాడుతోంది. మా వంతు వచ్చింది.

"ఏ తరగతి కావాలండీ?"

నాయన గొంతు సవరించుకుని, "ఎనిమిది" అన్నాడు.

ఆరు పాసైన పిల్లకు ఏడు కావాలి. ఏడు కావాలంటే ఎనిమిది అడగాలి. ఆవిడ ఆరంటుంది, మనం అయ్యో అంటాం, ఏడు దగ్గర తెగుతుంది. ఇది దారిలో నాయన నాకు విప్పి చెప్పిన లెక్క. ఇందులో నాకూ ఏ లోపమూ కనపడలేదు.

"ఎనిమిదిలో లెక్కలు కూడా ఇంగ్లీషులోనే చెప్తాం. అమ్మాయికి వచ్చునా?"

"వచ్చునా అని అడుగుతరేంది టీచరమ్మా. మా పోరికి రానిది లేదు. బజార్ల ఎవర్నన్న అడుగుండ్రి."

"నిన్నే అడుగుతున్నాను అమ్మాయ్. వచ్చునా?"

నేను నాయన ముఖం చూశాను. అక్కడ ఏ ధర రాసి ఉందో అదే చెప్పాను. "వచ్చండి."

గొడుగు కొస నేలకు ఆనింది. "సరే. ఎనిమిదిలో చేర్చుకుంటాను. సోమవారం ప్రార్థన గంటకి పంపండి."

నాయన కదల్లేదు. తలుపు తెరుచుకోదని భుజంతో తోస్తే, అది ముందే తెరిచి ఉన్నప్పుడు మనిషి ఎలా లోపల పడతాడో అలా ఉంది ఆయన ముఖం. "అంటే... ఏడు సుత మంచిదే గద టీచరమ్మా" అన్నాడు.

"మీరు ఎనిమిది అన్నారు కదండీ."

"అన్న. జెర సూసి, మీకు తక్లీఫ్ లేకుంట..."

"నాకేం తక్లీఫు లేదు శెట్టిగారూ. పిల్ల చదువు దగ్గర మీరు లేనిది ఎందుకు చెప్తారు?"

ఎత్తిపొడుపు కాదది. ఆవిడ గొంతులో దానికోసం నేను ఎన్నోసార్లు తర్వాత వెతికాను, దొరకలేదు.

ఇంటికి వచ్చే దారంతా నాయన పరేషాన్‌గా నడిచాడు. "మొదటి మాటకే తెగిందంటె మాల్‌ల ఏదో కిరికిరి ఉన్నది బిడ్డా." బట్టల సేటు విని పెదవి విరిచాడు. "పోంగనే సీటిచ్చిందా? గదేం బడి."

ఆ బడి ఎలాంటిదో వాళ్లెవరికీ తెలియదు. టీచరమ్మ అడిగినవాళ్లందరినీ చేర్చుకుని, గదులు చాలక రేకుల షెడ్డు వేయించి అందులో చెప్పించేది. మిగిలిన బడుల్లో మెట్రిక్ తరగతికి గట్టి టీచర్లను పెట్టేవాళ్లు, పాసైనవాళ్ల లెక్క గేటు మీద రాసుకోవాలి కాబట్టి. ఆవిడ మాత్రం చిన్న తరగతులకు పెట్టేది. ఐదో తరగతి ఇంగ్లీషు తానే చెప్పేది. "పునాది పోసే రోజునే పెద్ద మేస్త్రీ ఉండాలి. గోడ లేచాక వచ్చి ఏం చేస్తాడు, సున్నం చూస్తాడు" అనేది.

నేను ఎనిమిదిలో కూర్చున్నాను. ముందు బెంచీల్లో రైల్వే గార్డుల కూతుళ్లు, ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే అలిగేవాళ్లు. నేను చివరి బెంచీలో, వాళ్లు నవ్వితే నవ్వి, తలలు వంచితే వంచి, బోర్డు మీద ఉన్నదాన్ని ముగ్గు దించినట్టు దించుకునేదాన్ని. పక్కపిల్ల పుస్తకం తిప్పినప్పుడు నేనూ తిప్పేదాన్ని, అయితే ఒకసారి తలకిందులుగా ఉన్నదాన్ని తిప్పాను.

రోజూ ప్రార్థన అయ్యాక వరండాలో టీచరమ్మ నన్ను ఆపేది.

"బాగుందా అమ్మాయ్ ఎనిమిది?"

"బాగుందండి."

"సరే."

ఇంకో మాట అడిగేది కాదు. చేతిలో పుస్తకం తెరిచి ఇది చదువు అనేది కాదు. నాకు అర్థం కావడం లేదని ఆవిడకు తెలియదా? తెలిసే ఉంటుంది. కానీ ఎవరి నోటి మాటనూ పక్కకు నెట్టి లోపలికి తొంగిచూసే అలవాటు లేదు ఆవిడకు. ఆ అలవాటు లేకపోవడం మంచిదో చెడ్డదో నేనిప్పటికీ తేల్చుకోలేదు.

ఎందుకంటే, నా పక్కన ఒక లాలాగూడ పిల్ల కూర్చునేది. రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు కూతురు. లెక్కల్లో చురుకు, నాకు చాటుగా చూపించేది. ఒకరోజు వాళ్ల పెదనాన్న వచ్చాడు. "ఇంట్ల పని ఎక్కువైందమ్మా. పోరి ఇంక రాదు" అన్నాడు. టీచరమ్మ ఆ పిల్ల వైపు తిరిగింది. "అంతేనా అమ్మా?" ఆ పిల్ల సంచీ గుండెకు హత్తుకుని, నేల చూస్తూ "అంతేనండి" అంది. గొడుగు కొస నేలకు ఆనింది. ఆ పిల్ల మళ్లీ రాలేదు. ఆ మధ్యాహ్నం టీచరమ్మ అన్నం గిన్నె మూత తీయకుండానే ఇంటికి పోయిందని బడి ఆయా చెప్పింది. చాలా ఏళ్ల తర్వాత, నేను మెట్రిక్ దాటాక, ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు ఎందుకు అడ్డుపడలేదు అని. "నా మాట వాళ్లు నమ్మాలంటే వాళ్ల మాట నేను నమ్మొద్దూ" అంది వెంటనే. తర్వాత గొడుగును ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని, "ఇంకొక్కసారి అడిగి ఉండాల్సిందేమోనే" అంది. ఆవిడ నన్ను 'ఏమే' అన్న చనువుతో పిలిచింది ఆ ఒక్కసారే.

లాలాగూడ పిల్ల పోయాక చివరి బెంచీలో నాకు దారి చూపేవాళ్లు లేరు. అర్ధ సంవత్సరపు పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒక ఉదయం వరండాలో ఆవిడ అదే అడిగింది. నా నోట్లోకి ఆ రోజు 'బాగుందండి' రాలేదు.

"అర్థం కాలేదండి" అన్నాను.

"ఏది?"

"ఏదీ."

ఆవిడ తిట్టలేదు, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు అనలేదు. "సరే" అని గొడుగు చంకలో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని తిన్నగా ఐదో తరగతికి తీసుకుపోయింది. అక్కడ పిల్లలు నా భుజం దాకా ఉన్నారు. సిగ్గుతో కుంచించుకుని కూర్చున్నాను. కానీ ఆ మధ్యాహ్నం ఆవిడ చెప్పిన ఒక ఇంగ్లీషు వాక్యం, పిల్లి పాలు తాగిందనే ముక్క, మొదలు నుంచి చివరిదాకా నాకు అర్థమైంది. పిల్లి ఎవరో, పాలు ఏవో, తాగడమేమిటో విడివిడిగా కనపడ్డాయి. సాయంత్రం దాకా ఆ పిల్లి నా వెంటే ఉంది.

ఈ సంగతి నేను ఇంట్లో చెప్పకముందే బట్టల సేటు ఎక్కడో విని నాయనకు చెప్పాడు. నాయన మండిపడ్డాడు. "బజారంత ఎనిమిది అని జెప్పుకున్న. ఇప్పుడు ఐదా. గింత పడిపోయిన మాల్‌ను ఎవరికి సూపియ్యాలె."

"నేన్జెప్పలే?" అంది నాయనమ్మ. "ఇంట్ల కూసోవెట్టు."

నాయనకు నన్ను మానిపించాలని లేదు. ఆయనకు కావలసింది ఏడు. అందుకని మర్నాడు బడికొచ్చి, వరండాలో నన్ను పక్కన నిలబెట్టుకుని, తనకు తెలిసిన దారిలోనే మొదలుపెట్టాడు. "ఎనిమిదిల కూసోవెడ్తె కూసోవెట్టుండ్రి టీచరమ్మా. లేకుంటె మా పిల్లను మానిపిస్త."

ఆవిడ ఆయన వైపు చాలాసేపు చూసింది. "అంతేనా అండీ?"

"అంతే."

నా వైపు తిరిగింది. నేను నాయన చెప్పుల వైపు చూశాను.

గొడుగు కొస నేలకు ఆనింది. కానీ 'సరే' అన్న మాట ఆ రోజు ఆవిడ గొంతులో కొంచెం ఆగి వచ్చింది. "సరేనండీ. మీ ఇష్టం."

బేరం తెగకపోతే కొనేవాడు వెళ్లిపోవాలి. వెళ్తున్నప్పుడు నెమ్మదిగా వెళ్లాలి, వెనక్కి పిలవడానికి ఎదుటివాళ్లకు వ్యవధి ఇవ్వాలి. ఆ రోజు మా నాయన నడిచినంత నెమ్మదిగా పెళ్లి ఊరేగింపు కూడా నడవదు. గేటు దగ్గర చెప్పు సర్దుకున్నాడు. గేటు దాటాక కండువా దులిపాడు. మలుపు దగ్గర ఊరికే నిలబడ్డాడు. వెనక నుంచి బడి గంట తప్ప ఏమీ వినపడలేదు.

"వస్తది. రెండు దినాలల్ల తనే దుకాణానికి వస్తది" అన్నాడు నాయన. నేను వెనక గదిలో చింతపండు పిసుకుతూ కూర్చున్నాను. బిందెలు, చెంబులు, గంగాళాలు నా చేతుల్లో తళతళలాడుతున్నాయి. ఆ పిల్లి సంగతి తర్వాత ఏమైందో ఐదో తరగతిలో చెప్పేసి ఉంటారని అనిపించేది. రోజూ పొద్దున నాయన "ఇయ్యాల వస్తది" అనేవాడు. కొన్నాళ్లకు ఆ మాట అనడం మానేశాడు. నాయనమ్మ నన్ను చూసి, పోరి చెయ్యి తిరిగింది, గిన్నెలు బాగా తోముతోంది అని మెచ్చుకుంది. ఆ మెప్పుకు నాకు భయమేసింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ నిజంగానే వచ్చింది. నాయన ముఖం వెలిగింది. నా వైపు కనుబొమ్మలెగరేశాడు. ఎదురుగా లేచి, పీట వేసి, తుడిచాడు.

"షెడ్డులో పిల్లలకి మంచినీళ్లు పోయడానికి పెద్ద గంగాళం కావాలండీ" అంది ఆవిడ.

నాయన కొంచెం నీరసపడినా, గంగాళం తీసి, అలవాటు కొద్దీ ధర చెప్పాడు. ఆవిడ సంచీ తెరిచింది.

"ఆగుండ్రి. తక్కువ జేస్త" అన్నాడు నాయన.

"మీరే చెప్పారు కదండీ."

"చెప్పిన. తప్పు జెప్పిన. గంతుండది." తనతో తనే బేరమాడుకుని, చెమటలు కక్కుతూ కిందికి దిగివచ్చి ఒక దగ్గర ఆగాడు. దుకాణంలో ఇంకో ఇద్దరు ముగ్గురు కొనేవాళ్లున్నారు. బట్టల సేటు కూడా గడప మీద నిలబడి ఈ వింత చూస్తున్నాడు. ఆవిడ నా సంగతి ఎత్తుతుందని నాయన ఎదురుచూశాడు. ఆవిడ ఎత్తలేదు. గంగాళం కూలివాడి తలకెత్తించి, వెళ్లడానికి లేచింది. అప్పుడు వెనక గది గుమ్మంలో నన్ను చూసింది. మోచేతుల దాకా చింతపండు.

"బాగుందా అమ్మాయ్ ఇక్కడ?"

కొనేవాళ్ల ముందు లేదనకూడదన్నది మా దుకాణంలో మొదటి నీతి. సరుకు లేకపోతే రేపొస్తుందనాలి. చిల్లిపడ్డ చెంబైనా బాగలేదన్న మాట అక్కడ పుట్టకూడదు. ఇక బాగుందంటే ఏం జరుగుతుందో లాలాగూడ పిల్ల దగ్గర చూశాను. ఆవిడ రెండోసారి అడగదు.

"బాగలేదండి" అన్నాను. "నాకు బడికి రావాలనుంది."

కొనేవాళ్లు నాయన వైపు తిరిగారు.

గొడుగు కొస నేలకు ఆనింది. "సరే. రేపు ప్రార్థన గంటకి రా." తర్వాత నాయన వైపు చూసింది. "శెట్టిగారూ, మీరేమంటారు? ఏ తరగతి?"

నాయన నోరు తెరిచాడు. ఆ నోటి ఆకారం నాకు తెలుసు, ఎనిమిది సిద్ధంగా ఉంది అందులో. కానీ మూసుకున్నాడు. ఎనిమిది అంటే ఎనిమిదే ఇస్తుంది. మానిపిస్తానంటే మానిపించమంటుంది. ఏదంటే అది ఈ మనిషి సంచీలో వేసుకుని పోతుంది, మళ్లీ తిరిగి రాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ధర చెప్పడానికి ఆలోచించని మా నాయన, కండువా కొసతో మెడ తుడుచుకుంటూ, కొనేవాళ్లనందరినీ నిలబెట్టి, అంతసేపు ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి నా చేతుల వైపు చూశాడు.

"ఐదు" అన్నాడు.

"సరేనండీ" అంది ఆవిడ, గడప దిగి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున నాయనే నన్ను బడికి తీసుకుపోయాడు. బట్టల సేటు అప్పుడే దుకాణం తెరుస్తున్నాడు. "ఏం శెట్టీ, పోరి మల్ల బడికా? ఎన్నోది?" అన్నాడు.

"ఐదు."

సేటు బజారు మనిషి. మేం చెప్పినదాంట్లో తగ్గించవలసింది తగ్గించుకుని, "అంటె మూడన్నట్టు" అన్నాడు.

నాయన నా చెయ్యి పట్టుకుని, నడక ఆపకుండానే చెప్పాడు.

"ఐదంటె ఐదే."